పదకొండు కార్డులు, ఒక్క సంచి: పెనాంగ్ రేవు గేటు బయట నానమ్మ

హిమాయత్‌నగర్‌లో మాది చిన్న ట్రావెల్ ఆఫీసు. నేనూ, నాతో పనిచేసే ఇద్దరు అమ్మాయిలూ. ఎక్కువగా కుటుంబాలనే పంపిస్తాం. అమ్మమ్మలు, తాతయ్యలు, చంటిపిల్లలు అందరూ కలిసి వెళ్లే ప్రయాణాలే మా పని. ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. వాళ్ల పేర్లు రాయను. ఓడ పేరూ, కంపెనీ పేరూ కూడా అవసరం లేదు. అక్కడ ఎవరూ నిబంధన తప్పలేదు. పొరపాటు మా వైపు నుంచి జరిగింది, అందులో ఎక్కువ భాగం నాది.

ఇలాంటి విషయాలు మా వృత్తిలో ఒకరికొకరం ఫోన్లో చెప్పుకుంటాం, కాగితం మీద పెట్టం. ఇది మాత్రం పూర్తిగా రాయాలనిపించింది. ఓడ దిగి ఊరు చూడ్డానికి వెళ్లేటప్పుడు ఏ కాగితం ఎవరి దగ్గర ఉండాలి అన్నది మన ఇళ్లలో ఎవరూ మాట్లాడుకోని సంగతి.

కుటుంబం, ప్రయాణం

మలక్‌పేటలో ఉంటారు. పెద్దాయనకు 70 నిండాయి. భీమరథ శాంతి ఇంట్లోనే చేయించుకున్నారు. దసరా సెలవుల్లో పిల్లలంతా కలిసి అమ్మానాన్నలను ఎక్కడికైనా తీసుకెళ్దామనుకున్నారు. పెద్దావిడకు 66. షుగర్ ఉంది, మోకాళ్లు సహకరించవు. రోజుకో హోటల్ మారే టూర్ ఆవిడ వల్ల కాదు. ఓడ అయితే గది మారదు, సామాను సర్దే పని ఉండదు, భోజనం అక్కడే. అందుకే నేనే క్రూయిజ్ చెప్పాను.

మొత్తం 11 మంది, 5 గదులు. శంషాబాద్ నుంచి సింగపూర్‌కు విమానం, అక్కడి నుంచి 4 రాత్రుల ఓడ ప్రయాణం. మలేషియాలోని పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్ రావాలి. ఓడ ఎక్కి వెళ్లి తిరిగి రావడం అంటే సింగపూర్‌లోకి రెండుసార్లు ప్రవేశించడమే. ఒకే ప్రవేశం ఉన్న వీసా పనికిరాదు. అది చూసుకున్నాం. మలేషియా మనవాళ్లకు 2023 డిసెంబర్ 1 నుంచి వీసా లేకుండా 30 రోజులు ఇస్తోంది కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

బయల్దేరే ముందు వారం మలక్‌పేట వెళ్లి వాళ్ల హాల్లో కూర్చుని గంటసేపు మాట్లాడాను. ఎంత కరెన్సీ మార్చుకోవాలి, శాకాహారం ఎలా అడగాలి, షుగర్ మందులు చేతి సామానులో ఎందుకు ఉండాలి, డాక్టర్ చీటీ ఎందుకు కావాలి, అన్నీ చెప్పాను. ఓడ కార్డు గురించి మాత్రం ఒక్క మాటే అన్నాను: "ఓడ ఎక్కగానే ఒక్కొక్కరికి ఒక కార్డు ఇస్తారు. అది జాగ్రత్త."

ఆ ఒక్క మాట దగ్గరికి మళ్లీ వస్తాను.

పెనాంగ్ రోజు

ఈ ఓడలో పాస్‌పోర్టులు ఎక్కేటప్పుడు చూసి వెనక్కి ఇచ్చేశారు. కొన్ని ఓడల్లో అలా ఇవ్వరు, ప్రయాణం అయ్యేదాకా తమ దగ్గరే పెట్టుకుంటారు. ముందురోజు రాత్రి గదికి వచ్చిన కాగితంలో పెనాంగ్‌లో దిగేవాళ్లు ఓడ కార్డు, పాస్‌పోర్టు జిరాక్స్ వెంట తీసుకెళ్లాలని ఉంది. పెద్దబ్బాయి బాధ్యత ఉన్న మనిషి. ఒరిజినల్ పాస్‌పోర్టులు గదిలో లాకర్‌లో పెట్టి తాళం వేశాడు. 11 కార్డులు, 11 జిరాక్సులు ఒక జిప్ సంచిలో పెట్టి, ఆ సంచిని తన భుజానికి వేసుకునే బ్యాగులో పెట్టాడు. మలేషియా డబ్బు కూడా అందులోనే. దిగేటప్పుడు తానే వరుసగా కార్డులు తీసి ఇచ్చాడు, మెషిన్ దగ్గర అందరూ చూపించారు, మళ్లీ తానే అన్నీ తీసుకుని సంచిలో వేశాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు దిగారు. రాత్రి 8 గంటలకల్లా అందరూ ఓడలో ఉండాలి, 9కి ఓడ కదులుతుంది. రేవు జార్జ్‌టౌన్‌లోనే, ఊరి నడిబొడ్డున. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మారియమ్మన్ గుడి చూసి, అక్కడి నుంచి పెనాంగ్ హిల్‌కు వెళ్లారు. 1923 నుంచి ఆ కొండ మీదికి తాడుతో లాగే రైలు నడుస్తోంది. పైన మురుగన్ గుడి ఉంది. పెద్దాయనకు అది చూడాలని పట్టుదల.

కింద స్టేషన్లో క్యూ చూడగానే పెద్దావిడ కూర్చుండిపోయారు. మోకాలు వాచింది. "మీరు పోయి రండి, నేను ఓడకు పోయి పండుకుంటా" అన్నారు. తొమ్మిదో క్లాసు చదివే మనవరాలు తోడు వెళ్తానంది. పెద్దబ్బాయి తన ఫోన్లో ట్యాక్సీ బుక్ చేసి, డబ్బు కూడా ఫోన్లోనే కట్టేసి, ఇద్దరినీ ఎక్కించాడు. ట్యాక్సీ నంబర్ రాసుకున్నాడు, బయల్దేరిందని చూసుకున్నాడు. కార్డులు ఇవ్వాలన్న సంగతి అక్కడున్న తొమ్మిది మందిలో ఎవరికీ తట్టలేదు.

రేవు గేటు దగ్గర కాపలా మనిషి చెయ్యి చాపి కార్డు అడిగాడు. పెద్దావిడ దగ్గర ఒక చిన్న పర్సు ఉంది. అందులో వేంకటేశ్వరస్వామి బొమ్మ, విభూతి పొట్లం, లామినేషన్ చేయించిన ఆధార్ కార్డు, నా విజిటింగ్ కార్డు. ఆవిడ ఆధార్ తీసి ఇచ్చారు. అతను దాన్ని తిప్పి చూశాడు, తెలుగు అక్షరాల మీద వేలు పెట్టి ఇదేం భాష అని అడిగాడు, మర్యాదగానే తిరిగి ఇచ్చేశాడు. లోపలికి పంపడానికి అది చాలదు.

అమ్మాయి ఫోన్‌కు రోమింగ్ లేదు. ఇంటిల్లిపాదికీ కలిపి రోమింగ్ ఉన్నది పెద్దబ్బాయి ఫోన్‌కే. చేతిలో రింగిట్ ఒక్కటి లేదు. గేటు పక్కన నీడలో అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. నానమ్మకు చెమటలు పట్టడం మొదలైంది. మధ్యాహ్నం తిన్నది తక్కువ, వేసుకున్న మాత్ర మామూలుదే. అక్కడ నీళ్ల సీసాలు, చిరుతిళ్లు అమ్మే ఒక తమిళావిడ ఇద్దరినీ చూసి, అడగకుండానే తీపి బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి, తన ఫోన్ ఇచ్చిందట. అమ్మాయి తండ్రికి చేసింది, కలవలేదు. అప్పటికి వాళ్లు కొండ మీద ఉన్నారు. ఇంక పర్సులో ఉన్న నా కార్డు తీసి, నాకు చేసింది.

అక్కడ సాయంత్రం 5:15. మన దగ్గర 2:45.

"ఆంటీ, మమ్మల్ని లోపలికి రానిస్తలేరు. నానమ్మకు బాగా లేదు." ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. వెనకాల పెద్దావిడ "భయపడకు అని చెప్పు బిడ్డా, ఆమెకు టెన్షన్ పెట్టకు" అంటున్నారు.

హైదరాబాద్ నుంచి చేయగలిగింది

ముందు ఆవిడ బిస్కెట్లు తిన్నారా, మనిషి స్పృహలో, మాటలో తేడా ఉందా అని అడిగాను. తిన్నారు, మాట్లాడుతున్నారు. ఆ ఫోన్ కాసేపు దగ్గరే ఉంచుకోనిమ్మని ఆ తమిళావిడను అడిగించాను. ఆవిడ సరేనంది.

తర్వాత మాకు కలిసొచ్చిన విషయం ఒకటి. ఆ ఉదయం పెద్దబ్బాయి, గుడికి ముందు వెళ్లాలా కొండకు ముందు వెళ్లాలా అని అడుగుతూ గదికి వచ్చిన కాగితం ఫొటో నాకు పంపాడు. దాని కింది మూలలో చిన్న అక్షరాల్లో పోర్ట్ ఏజెంట్ నంబర్ ఉంది. ఓడ ఏ రేవులో ఆగినా అక్కడ ఓడ కంపెనీ తరఫున పనులు చూసే స్థానిక ప్రతినిధి ఉంటాడు. అతనే పోర్ట్ ఏజెంట్. ఆ ఫొటో లేకపోతే కంపెనీ కాల్ సెంటర్‌లో పాట వింటూ కూర్చోవాల్సి వచ్చేది.

ఏజెంట్ రెండో రింగుకే ఎత్తాడు. బుకింగ్ నంబర్, గది నంబర్లు, ఇద్దరి పాస్‌పోర్టు స్కాన్లు వాట్సాప్‌లో పంపాను. అతను ఓడలోని సెక్యూరిటీ వాళ్లను కలిపాడు. వాళ్ల కంప్యూటర్‌లో ఇద్దరూ బయట ఉన్నట్టే చూపిస్తోంది. మరి గేటు దగ్గర కూర్చున్నది వాళ్లేనని ఎలా తేల్చాలి? అమ్మాయి చేత ఆధార్ ఫొటో తీయించి పంపించాను. అక్కడ ఇంకో చిక్కు.

ఆధార్‌లో ఆవిడ ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో పేరు చివర 'అమ్మ' ఉంది, పాస్‌పోర్టులో లేదు. ఆధార్ పాతది, అందులో పుట్టిన సంవత్సరం తప్ప తేదీ లేదు. మనకు చూడగానే తెలుస్తుంది అది ఒకే మనిషి పేరని. పెనాంగ్‌లో ఉన్న అధికారికి ఎలా తెలుస్తుంది? మన ఇంటిపేరు ముందుంటుందని, చాలామంది దాన్ని పొడి అక్షరంతో సరిపెడతారని, 'అమ్మ' ఒక కాగితంలో ఉండి ఇంకో కాగితంలో లేకపోవడం మన దగ్గర మామూలేనని ఇంగ్లిష్‌లో రెండు నిమిషాల్లో వివరించాల్సి వచ్చింది.

చివరికి తేల్చింది ఫొటో. ఓడ ఎక్కే రోజు ప్రతి ఒక్కరికీ కెమెరాతో ఫొటో తీస్తారు. కార్డు గీసినప్పుడల్లా సెక్యూరిటీ తెర మీద ఆ ఫొటోనే వస్తుంది. ఓడ నుంచి ఒక సెక్యూరిటీ అధికారి ట్యాబ్ పట్టుకుని గేటు దాకా నడిచి వచ్చాడు. ఫొటోలో పెద్ద కుంకుమ బొట్టు, రెండువైపులా ముక్కుపుడకలు. ఎదురుగా అదే బొట్టు, అవే ముక్కుపుడకలు. అతను నవ్వి, రేవు వాళ్లతో మాట్లాడి, రిజిస్టర్‌లో రాయించి, చక్రాల కుర్చీ తెప్పించాడు. 6:40కి ఇద్దరూ ఓడలో ఉన్నారు. డాక్టర్ చూశాడు, షుగర్ అప్పటికి మామూలుకు వచ్చింది.

మిగతా తొమ్మిది మంది కొండ దిగే క్యూలో ఇరుక్కుని 7:35కి గేటుకు చేరారు. జరిగినదంతా వాళ్లకు అప్పుడే తెలిసింది. ఆ తమిళావిడ బిస్కెట్ డబ్బులు తీసుకోలేదట.

కార్డు ఎవరికి, జిరాక్స్ ఎవరికి, పాస్‌పోర్టు ఎందుకు

గేటు దగ్గరి మనిషి మీద కుటుంబంలో ఒకరిద్దరికి కోపం వచ్చింది. నాకు రాలేదు. అతను ఓడ మనిషి కాదు, రేవు మనిషి. ఓడలో ఎవరున్నారన్న జాబితా అతని ముందు ఉండదు. అమెరికా మీద 2001లో జరిగిన దాడుల తర్వాత ఓడలకూ రేవులకూ కలిపి అంతర్జాతీయ భద్రతా నియమావళి ఒకటి తెచ్చారు. 2004 జూలై 1 నుంచి అమల్లో ఉంది. అప్పటి నుంచి రేవు లోపలికి ఎవరు వెళ్తున్నారో చూడటం రేవు బాధ్యత. ఒక పెద్దావిడను జాలిపడి పంపిస్తే ఆ మనిషి ఉద్యోగం పోతుంది.

ఓడ దిగి తిరిగి ఎక్కేలోపు మనం దాటేవి మూడు చోట్లు. రేవు గేటు, ఆ దేశపు ఇమ్మిగ్రేషన్, ఓడ మెట్ల దగ్గరి మెషిన్. మూడింటిలో ఉండే మనుషులు వేరు, వాళ్లకు కావాల్సిన కాగితం వేరు. గేటు వాళ్లు ఓడ కార్డు చూస్తారు, చాలా రేవుల్లో దానితోపాటు ఫొటో ఉన్న ప్రభుత్వ గుర్తింపు కూడా అడుగుతారు. ఇమ్మిగ్రేషన్‌కు పాస్‌పోర్టు లేదా వాళ్లు ఒప్పుకున్న కాపీ కావాలి. ఓడ మెషిన్‌కు కార్డు చాలు. ఆధార్ ఈ మూడింటిలో ఎక్కడా చెల్లే కాగితం కాదు. మా కేసులో అది పనికొచ్చింది మాట కలపడానికి మాత్రమే.

పాస్‌పోర్టు వెంట తీసుకెళ్లాలా, లాకర్‌లో పెట్టాలా అని అందరూ అడుగుతారు. ఆ రేవు గురించి ఓడ ముందురోజు ఇచ్చిన కాగితంలో ఏముంటే అదే చేయాలి. ఒరిజినల్ తెమ్మంటే తీసుకెళ్లాలి, ఎవరిది వాళ్లే ఒంటి మీద పెట్టుకోవాలి. కాపీ చాలంటే లాకరే మంచిది. ఇటలీ లాంటి చోట పోలీసులు అడిగితే విదేశీయులు గుర్తింపు పత్రం చూపించాలి. అక్కడ జిరాక్స్ చూపించి ఒప్పిస్తామని నేను ఎవరికీ హామీ ఇవ్వను.

లాకర్ వైపు నేను మొగ్గడానికి కారణం ఉంది. పెనాంగ్‌లో పాస్‌పోర్టు పోయిందనుకోండి. ముందు పోలీసు రిపోర్టు. భారత హైకమిషన్ ఉన్నది కౌలాలంపూర్‌లో, 350 కిలోమీటర్ల దూరం. అక్కడ అత్యవసరంగా ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇండియాకు తిరిగి రావడానికి మాత్రమే పనికొస్తుంది. దానితో ఫుకెట్ వెళ్లలేం. సింగపూర్ వీసా పోయిన పాస్‌పోర్టు నంబర్ మీద ఉంది కాబట్టి అదీ అక్కరకు రాదు. ఓడ వెళ్లిపోతుంది, సింగపూర్ నుంచి కొన్న విమానం టికెట్లు వృథా. అదే పాస్‌పోర్టు గది లాకర్‌లో ఉండి మనిషి ఓడ అందుకోలేకపోతే, చాలా ఓడల్లో సిబ్బంది లాకర్ తెరిచి పాస్‌పోర్టు తీసి పోర్ట్ ఏజెంట్‌కు అప్పగించి వెళ్తారు. మనిషి ఒకచోట, పాస్‌పోర్టు ఇంకో దేశంలో అయ్యే ప్రమాదం అలా తప్పుతుంది. ఒక్కటి గుర్తుంచుకోవాలి: పాస్‌పోర్టు మన సొంత ఆస్తి కాదు. 1967 పాస్‌పోర్టుల చట్టం 17వ సెక్షన్ ప్రకారం అది ఎప్పటికీ భారత ప్రభుత్వానిదే. మన చేతిలో ఉన్నంతకాలం దాన్ని కాపాడే బాధ్యత మనది.

'జాగ్రత్త' అన్న మాట

ఇక అసలు కారణం. పెద్దబ్బాయి నిర్లక్ష్యంగా లేడు. ఉన్నవాళ్లందరిలో ఎక్కువ శ్రద్ధ పెట్టింది అతనే. నేను "జాగ్రత్త" అన్నాను. మన ఇంట్లో 'జాగ్రత్త పెట్టు' అంటే ఏమిటి? దాచిపెట్టమని. అన్నీ ఒకచోట చేర్చి, నమ్మకమైన ఒక మనిషి చేతిలో పెట్టమని. తిరుమల క్యూలో అందరి ఆధార్లూ ఒక్కరి దగ్గరే ఉంటాయి. రైల్లో అందరి టికెట్లూ నాన్న జేబులోనే. ఆ అలవాటు ఇంతకాలం మనకు పనికొచ్చింది, ఎందుకంటే అక్కడ మనం విడిపోయినా ఎవరో ఒకరి ఫోన్ కలుస్తుంది, మాట అర్థమవుతుంది. నేను చెప్పాల్సింది "జాగ్రత్త" కాదు, "ఎవరి కార్డు వాళ్ల ఒంటి మీద ఉండాలి" అని. నా మాటను అతను తన అలవాటు ప్రకారం అర్థం చేసుకున్నాడు. అందులో అతని తప్పేం లేదు.

ఇంకో సంగతి ఆ రోజు దాకా నేను ఆలోచించలేదు. చీర కట్టుకున్న ఆడవాళ్లకు జేబు లేదు. హ్యాండ్‌బ్యాగు అలవాటు లేని పెద్దవాళ్లయితే ఏ వస్తువైనా కొడుక్కో, కోడలికో ఇచ్చేస్తారు. కార్డు నీ దగ్గరే ఉంచుకో అని చెబితే సరిపోదు, ఎక్కడ ఉంచుకోవాలో కూడా చూపించాలి.

ఆ రాత్రి పెద్దావిడే దారి చూపించారు. ఓడ రిసెప్షన్‌లో కార్డుకు మూలన రంధ్రం వేసి ఇస్తారు, మెడలో తాడుకు తగిలించుకోవడానికి. ఆవిడ వేయించుకున్నారు. తాడు వద్దన్నారు. పుస్తెలతాడుకు ఉన్న పిన్నీసుల్లో పెద్దదాన్ని తీసి, కార్డు రంధ్రంలోంచి పోనిచ్చి, చీర కొంగు లోపల జాకెట్‌కు గుచ్చుకున్నారు. ఫుకెట్‌లో గేటు దగ్గర కొంగు జరిపి తానే చూపించారట. ఆ ఫొటో కోడలు నాకు పంపింది. మా ఆఫీసు గోడకు ఉంది.

ఫుకెట్‌లో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కంటే గంట వెనక. ఈ ఓడ తన గడియారం సింగపూర్ టైమ్‌లోనే ఉంచింది. ఫోన్లు మాత్రం దిగగానే తమంతట తాము స్థానిక టైమ్‌కు మారిపోతాయి. ఫోన్ చూసుకుని తిరిగొచ్చే మనిషి గంట ఆలస్యంగా వస్తాడు. పెద్దాయన చేతి గడియారాన్ని ఓడ టైమ్‌కు పెట్టించి, అందరూ అదే చూడాలని ఉదయమే మెసేజ్ పెట్టాను.

ఇప్పుడు చేస్తున్నది

కోఠిలో ఒక టైలర్ చేత రొంటిన దోపుకునే చిన్న గుడ్డ సంచులు కుట్టిస్తున్నాను. కార్డు, మడిచిన కాగితం, కొంచెం ఆ దేశపు డబ్బు పట్టేంత సైజు. ప్రతి మనిషికీ ఒకటి. ఆ కాగితంలో ఒక వైపు పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా కాపీలు. రెండో వైపు ఓడ పేరు, గది నంబర్, పోర్ట్ ఏజెంట్ నంబర్, +91తో మా నంబర్, పెద్దవాళ్లయితే వాడే మందుల పేర్లు. తెలుగులో, ఇంగ్లిష్‌లో రెండింటిలోనూ. ఫోన్లో ఫొటో ఉంది కదా అంటారు. ఆ అమ్మాయి ఫోన్ గేటు దగ్గర ఎంత పనికొచ్చిందో చూశాం. కాగితానికి చార్జింగ్ అక్కర్లేదు.

పేర్లు కూడా ముందే సరిచూస్తున్నాం. పాస్‌పోర్టు, టికెట్టు, ఓడ బుకింగ్, మూడింటిలో ఇంటిపేరు ఒకేలా ఉందా అని. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. అలాంటివాళ్లను ప్రయాణం అనుకున్నప్పుడే సికింద్రాబాద్ పాస్‌పోర్టు ఆఫీసు పని పూర్తి చేసుకోమంటున్నాను. టికెట్లు కొన్నాక మార్చడం నరకం.

బయల్దేరే ముందు ఇంటికి వెళ్లడం మానలేదు. మాటలు తగ్గించాను. సంచులు పంచి, అందరినీ హాల్లో నిలబెట్టి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి "మీ కార్డు ఎక్కడ?" అని అడుగుతాను. నమూనాగా పాత కార్డులు ఉంచుకున్నాను. చిన్నపిల్లలు చకచకా చూపిస్తారు. మొన్న వనస్థలిపురంలో 19 మంది గుంపులో ఒక పెద్దాయన జేబు తడుముకుని, మెల్లగా భార్య వైపు చూశారు. ఆయన సంచి కూడా ఆవిడ రొంటిన ఉంది. అది తీయించి ఆయన చేతిలో పెట్టి, మళ్లీ మొదటి మనిషి నుంచి అడగడం మొదలుపెట్టాను.